కౌంటు

ముప్పై రెండు, ముప్పై మూడు,
ఇప్పుడు నన్ను పలకరించకండి.
పలకరిస్తే మళ్ళీ ఒకటి నుంచి మొదలెట్టాలి.
ఒక్క చుట్టు తక్కువైనా
మోటారు వేడెక్కి చెప్పేస్తుంది
ఎవరి ధ్యాస ఎటు పోయిందో.

సోమ, మంగళ, బుధ భీమవరంలో ఐటీఐ.
గురు, శుక్ర, శని ఆకివీడు రోడ్డులో
సూర్యచంద్రం గారి వైండింగు షాపు.
ఆదివారం ఒళ్ళంతా వార్నీషు వాసన.
బ్రాంచి మొత్తానికి ఆడపిల్లలం ఇద్దరం.
చెల్లుబోయిన హైమకి సబ్‌స్టేషను పడింది,
నాకీ షాపు.
"ఇక్కడ బాత్రూము లేదమ్మా" అన్నారాయన,
అదే మొదటిరోజు స్వాగతం.
మూడోవారం వెనక గోడవారన
రేకుల గది లేచింది, లోపల గడియతో.
దాని గురించి మేమెప్పుడూ మాట్లాడుకోలేదు.

క్లాసులో విజయసారథి సారు
మూడు గీతలతో త్రికోణం గీసి
కింద "డెల్టా" అని రాశారు.
"మనదే సార్!" వెనక బెంచీలోంచి ఎవడో.
సారు నవ్వలేదు.
సుద్దముక్క వేళ్ళ మధ్య తిప్పుతూ
"మనదే. ఒక పాయ తెగితే
మిగతావి బరువు మొయ్యలేక కాలిపోతాయి.
రాసుకోండి" అన్నారు.

షాపులో మోటారు బొమ్మ కాదు.
ఆటోలో బురద కార్చుకుంటూ దిగుతుంది,
రొయ్యల చెరువులో రాత్రంతా నీళ్ళు చిలికి చిలికి
నల్లగా మాడి.
సూర్యచంద్రం గారు వాసన చూసి చెప్తారు
ఫేజు పోయిందో, బేరింగు పట్టేసిందో.
నేను సింక్రనస్ వేగం సూత్రం చెప్తే
చెవి గీక్కుంటూ విని
"ఓహో, దాన్నలా అంటారా" అన్నారు,
ముప్పయ్యేళ్ళు కాపురం చేసిన మనిషి అసలు పేరు
అప్పుడే తెలిసినట్టు.

ముప్పై ఆరు స్లాట్లు. స్లాటులో అట్ట, అట్టలో తీగ,
తీగ జారకుండా వెదురు బద్ద.
బద్దలు చెక్కడం మాత్రం ఎవరూ నేర్పలేదు.
మా తాత చేపల మావులు అల్లేవాడు.

మొన్న శనివారం రాత్రి
పెదకాపవరంలో రొయ్య పైకి తేలింది.
సత్తిపండు గారి స్పేరు మోటారు
బల్ల మీద సగంలో ఉంది, ఆ సగం నాది.
కరెంటు లేదు. ఆయనే గుమ్మంలో నిలబడి
సెల్లు లైటు నా చేతుల మీద వేశారు.
చివరి కాయిలు.
"ఎంతవరకొచ్చింది పాపా?"
నలభై ఏడా? నలభై ఎనిమిదా?
"అంచనాకి కానిచ్చెయ్యమ్మా" అన్నారు,
గొంతులో తడి లేదు.
సూర్యచంద్రం గారి వైపు చూశాను.
ఆయన గోడ వైపు చూస్తున్నారు.
చుట్టిందంతా విప్పాను.
ఒకటి.

వార్నీషు ఆరకుండానే పట్టుకుపోయారు.
తెల్లారేసరికి చెరువులో సగం దక్కింది.
పోయిన సగంలో
నా పది నిమిషాల వాటా ఎంతో
లెక్కగట్టే సూత్రం ఏ సెమిస్టర్లోనూ లేదు.

మా అమ్మ షెడ్డులో రొయ్యల తలలు తీస్తుంది.
ఆవిడదీ కౌంటే,
కిలోకి ముప్పై, కిలోకి యాభై.
రాత్రి అన్నం దగ్గర
ఐసులో నానిన ఆవిడ వేళ్ళు,
రాగి మరకల నా వేళ్ళు,
ఒకే గిన్నెలో చారు కోసం తగులుకుంటాయి.
"మీ చదువులో ఏం లెక్కపెడతారే?"
"చుట్లు."
"అవి ఎవరు కొంటారు?"

పరీక్షలో అడిగారు: ఒక ఫేజు పోయిన ఏమగును? నాలుగు మార్కులు.
మిగిలిన ఫేజులలో కరెంటు పెరుగును,
మోటారు వేడెక్కును, చుట్టు కాలును, అని రాశాను.
తర్వాత ఇంకో లైను రాసి, కొట్టేశాను:
గుమ్మంలో ఒక మనిషి లైటు పట్టుకొని నిలబడును.

రెండున్నర వేశారు.